ఫోర్‌కాస్ట్‌లో 2 మీటర్లు, డెక్ మీదికి 4 మీటర్లు: సముద్రం అంచనాలను ఎంతవరకు నమ్మొచ్చు?

కొత్తవాచ్
ఓషన్ టగ్ మీద పని చేస్తున్నా. బార్జ్‌ని (ఇంజిన్ లేని సరుకు పడవ) లాక్కుంటూ అట్లాంటిక్‌లో కరీబియన్ వైపు పోతున్నాం. మొన్న పొద్దున యాప్‌లో చూస్తే గాలి 15 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు), అలలు 2 మీటర్లు. మ్యాప్ అంతా లేత నీలం. వాతావరణం బాగుందని ఆఫ్టర్ డెక్ (వెనక డెక్) మీద పని పెట్టారు. మధ్యాహ్నం ఒక అల పక్క నుంచి లేచి డెక్ అంచు రెయిలింగ్ మీదుగా దూకి, చుట్టి పెట్టిన తాళ్లని, రెండు పెయింట్ డ్రమ్ములని ఊడ్చుకుపోయింది. మనుషులకి ఏం కాలేదు, ఆ నిమిషంలో అందరూ లోపలున్నారు కాబట్టి. అదే రాత్రి గాలి ఉన్నట్టుండి 35 నాట్లకి లేచింది, జడివాన, అరగంటలో మళ్లీ ఏమీ లేదు. దాని గురించి యాప్‌లో ముక్క లేదు.

ఇన్ని శాటిలైట్లు, సూపర్ కంప్యూటర్లు ఉండి సగం నిజం కూడా చెప్పలేకపోతే ఈ అంచనాలు ఎవరి కోసం? కోపంగానే అడుగుతున్నా, తెలిసినవాళ్లు చెప్పండి.

ఉప్పుగాలి
ఉష్ణమండలంలో ఫోర్‌కాస్ట్ అంటే అంతే బ్రదర్. నేను చూడడమే మానేశా. ఆకాశం చూస్తా, నీళ్లు చూస్తా.

అలలలెక్క
అంచనా తప్పలేదు. ఆ 2 మీటర్లు అన్నది "అన్నిటికంటే పెద్ద అల 2 మీటర్లు" అని కాదు, అన్ని అలల సగటు ఎత్తూ కాదు. వచ్చే అలల్ని ఎత్తు ప్రకారం పేర్చి, పెద్దవైన మూడో వంతుని మాత్రమే తీసుకుని వాటి సగటు కడతారు. దాన్నే సిగ్నిఫికెంట్ వేవ్ హైట్ అంటారు. ప్రపంచంలో దాదాపు ఏ సముద్ర బులెటిన్ తీసుకున్నా అలల ఎత్తు అంటే ఇదే.

ఇప్పుడు లెక్క చూడండి. 7 సెకన్లకో అల చొప్పున 3 గంటల్లో సుమారు 1500 అలలు మీ టగ్ కింద నుంచి పోతాయి. అన్ని అలల్లో ఒక్కటైనా సిగ్నిఫికెంట్ ఎత్తుకి దాదాపు 1.9 రెట్లు రావడం మామూలు విషయం. అంటే 3.8 మీటర్లు. మీ డ్రమ్ములు తీసుకుపోయింది ఆ అలే. అది వింత అల కాదు, ఆ రోజు లెక్కలో ఉన్న అలే.

ఉప్పుగాలి
@అలలలెక్క అలాంటప్పుడు ఆ 3.8 నే రాయొచ్చుగా? డెక్ మీద మనిషిని కొట్టేది పెద్ద అల గాని మీ సగటు కాదు.

అలలలెక్క
రాస్తూనే ఉన్నారండీ. అమెరికా వాళ్ల హై సీస్ ఫోర్‌కాస్ట్ తెరవండి, పైనే ఉంటుంది: ఇచ్చిన ఎత్తు పెద్దవైన మూడో వంతు అలల సగటు, విడి అలలు దానికి రెండు రెట్లకు మించి ఉండొచ్చు అని. ఆస్ట్రేలియా వాతావరణ సంస్థ కూడా గాలి విసురు చెప్పినదానికంటే 40 శాతం ఎక్కువ, పెద్ద అల రెట్టింపు దాకా ఉండొచ్చని తన బులెటిన్లలో హెచ్చరిస్తుంది. యాప్ చేసేవాడు ఈ వాక్యాలు తీసేసి అంకె ఒక్కటే ఉంచి రంగు పూస్తాడు. మన కోపం చూపించాల్సింది అక్కడ.

ఇక పెద్ద అల ఎత్తే నేరుగా ఎందుకివ్వరంటే, అది ఎంతసేపు ఎదురుచూస్తాం అన్నదాన్ని బట్టి మారుతుంది. గంటకి ఒక అంకె, రోజుకి ఇంకో అంకె. సిగ్నిఫికెంట్ హైట్ అలా మారదు. పైగా బ్రిడ్జి (ఓడని నడిపే గది) మీద అనుభవమున్న ఆఫీసరు కంటితో చూసి చెప్పే ఎత్తుకి దగ్గరగా ఉంటుంది.

సూరి_మేట్
తమ్ముడూ కొత్తవాచ్, ఎత్తు ఒక్కటే చూశావా? పీరియడ్ (ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య సెకన్లు) ఎంత? ఏ దిక్కు నుంచి? స్వెల్ (దూరపు గాలులు లేపిన పొడుగు అల) విడిగా ఇచ్చాడా?

నేను ఏ జూనియర్‌కైనా మొదట చెప్పేది ఇదే. 2 మీటర్లు 6 సెకన్లకి వస్తే, 2 మీటర్లు 15 సెకన్లకి వస్తే అవి రెండు వేర్వేరు సముద్రాలు. లోతు నీళ్లలో 6 సెకన్ల అల పొడవు 56 మీటర్లు, 15 సెకన్ల అలది 350 మీటర్లు. మొదటిది నిటారుగా నిలబడి కొడుతుంది. రెండోది నిన్ను మెల్లగా ఎత్తి దించుతుంది, కప్పులో టీ కూడా తొణకదు.

నువ్వు చెప్పిన చోట, చలికాలంలో, ఒకేసారి రెండు రకాలు వస్తాయి. ఈశాన్య వాణిజ్య పవనాలు లేపే పొట్టి అలలు ఒకటి. పైన ఉత్తర అట్లాంటిక్‌లో ఎక్కడో తుపానులు తిరిగితే వాటి పొడుగు స్వెల్ ఉత్తరం నుంచి దిగడం రెండోది. ఒక్కోటి మీటరున్నర అయితే బులెటిన్‌లో 3 మీటర్లు రాదు, 2.1 వస్తుంది, రెండు ఎత్తుల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తారు కాబట్టి. అంకె చూస్తే చిన్నదే. కానీ ఆ రెండూ అడ్డంగా కలిసిన చోట నీళ్లు పిరమిడ్‌లా లేస్తాయి. పక్క నుంచి లేచింది అన్నావు చూడు, నా అనుమానం అదే.

కొత్తవాచ్
@సూరి_మేట్ అన్నా, ఇప్పుడే వెనక్కి వెళ్లి చూశా. ఉత్తరం స్వెల్ 13 సెకన్లు, తూర్పు ఈశాన్యం నుంచి విండ్ వేవ్ 6 సెకన్లు. యాప్‌లో రెండో ట్యాబ్‌లో ఉన్నాయి.

సూరి_మేట్
ఆ రెండో ట్యాబే అసలు ఫోర్‌కాస్ట్ రా బాబూ.

వలతాడు
మా వైపు నుంచి ఒక మాట. చేపల పడవకి లోతులో ఉన్నప్పుడు పొడుగు స్వెల్ ఏమీ చేయదు, నిజమే. ఒడ్డుకి వచ్చేటప్పుడే చంపుతుంది. గాలి ఉండదు, ఆకాశం తేటగా ఉంటుంది, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గరికి వచ్చేసరికి అడుగు తగిలి అదే అల రెండింతలై విరుగుతుంది. పడవ అడ్డం తిరిగిందా, అయిపోయినట్టే. మేము కలిసి వేట చేసిన మనిషిని అలాగే పోగొట్టుకున్నాం, ఎండ కాస్తున్న రోజున. అందుకే "ఆకాశం చూస్తా" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. @ఉప్పుగాలి మీ మీద కోపం కాదు, కానీ ఆ అల పుట్టిన చోటి ఆకాశం మీకు కనపడదు.

రాడార్_రాణి
@వలతాడు వందకి వంద శాతం. హిందూ మహాసముద్రం దక్షిణ కొసన, దక్షిణ అక్షాంశం 40 డిగ్రీల అవతల తుపాను గాలులు వీస్తే ఆ స్వెల్ భూమధ్యరేఖ దాటి అరేబియా సముద్రం, బంగాళాఖాతం తీరాలకి కొన్ని రోజుల్లో చేరుతుంది. ఎన్ని రోజులన్నది కూడా తేలిక లెక్కే: పీరియడ్‌ని ఒకటిన్నరతో గుణిస్తే ఆ గుంపు ఎన్ని నాట్ల వేగంతో వస్తుందో తెలుస్తుంది. 16 సెకన్ల స్వెల్ అంటే 24 నాట్లు, రోజుకి వెయ్యి కిలోమీటర్లకి పైనే.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దీనికోసమే విడిగా స్వెల్ హెచ్చరికలు ఇస్తుంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని ఎక్కడో దక్షిణ ధ్రువం వైపు లేచిన అల ఏ తీరానికి ఎప్పుడు వస్తుందో చెబుతున్నారంటే నాకైతే ప్రతిసారీ గర్వంగా ఉంటుంది.

వలతాడు
అవునమ్మా. ఆ హెచ్చరిక మా సంఘంలో మైకులో చదువుతారు. గాలి లేకపోయినా "వేటకు వెళ్లొద్దు" అంటే ఎందుకో ఇప్పుడు కుర్రాళ్లకి అర్థమవుతోంది.

కొత్తవాచ్
అల సంగతి తెలిసింది. మరి ఆ రాత్రి 35 నాట్ల మాటేంటి? అదీ రెండో ట్యాబ్‌లో ఉంటుందా? :)

అలలలెక్క
అది ఏ ట్యాబ్‌లోనూ ఉండదు. వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లలో అమెరికా జీఎఫ్ఎస్ మోడల్ సముద్రాన్ని దాదాపు 13 కిలోమీటర్ల గడులుగా చూస్తుంది, యూరప్ ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్ 9 కిలోమీటర్లుగా. మిమ్మల్ని కొట్టిన మేఘం మొత్తం ఒక గడిలో ఇమిడిపోయి ఉండొచ్చు. గడి మొత్తానికి సగటు గాలి 15 నాట్లు అని మోడల్ చెప్పింది నిజమే, ఆ గడిలో ఒక మూల 35 ఉందని చెప్పే శక్తి దానికి లేదు. మధ్య అక్షాంశాల్లో గాలిని నడిపేవి వెయ్యి కిలోమీటర్ల అల్పపీడనాలు, మోడల్‌కి అవి సులువు. ఉష్ణమండలంలో గాలిని ఉన్నట్టుండి మార్చేది ఒక్కో మేఘం. కష్టం అక్కడుంది.

దీన్నీ టెక్స్ట్ బులెటిన్‌లో రాస్తారు. "చెదురుమదురుగా ఉరుముల మేఘాలు, వాటి దగ్గర గాలులు, అలలు ఎక్కువ" అనే అర్థంలో ఒక లైను ఉంటుంది. ఆ లైను ఉన్న ప్రాంతంలో 15 అంటే 15 ప్లస్ ఎప్పుడైనా ఒక 35 అని చదువుకోవాలి.

రాడార్_రాణి
రాత్రి వాచ్‌లో (కాపలా డ్యూటీలో) స్క్వాల్‌ని, అంటే ఉన్నట్టుండి లేచే గాలివానని, పట్టుకునే పద్ధతి చెప్తా. భూమధ్యరేఖ దగ్గర రెండు అర్ధగోళాల గాలులు కలిసే పట్టీ ఉంటుంది కదా, అక్కడ తిరిగినప్పుడు నేర్చుకున్నది. నడి సముద్రంలో వానలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారే ముందు ముదురుతాయి. నేల మీద లాగా మధ్యాహ్నం కాదు. కాబట్టి 12 నుంచి 4 వాచ్ వాళ్లకే ఎక్కువ పని.

ముందు రాడార్‌లో రెయిన్ క్లట్టర్ (వాన మచ్చల్ని చెరిపే సెట్టింగ్) తగ్గించి, రేంజి 24 మైళ్లకి పెట్టండి. వాన గుంపు మసక మచ్చలా కనిపిస్తుంది. మచ్చ ముందంచు గీత గీసినట్టు పదునుగా, మీ వైపు ఉబ్బిన విల్లులా వంగి ఉంటే గాలి గట్టిగా ఉంటుంది. చెదిరిన దూదిలా ఉంటే వానే ఎక్కువ. తర్వాత బయటికి వచ్చి దిగంతం చూడండి: నక్షత్రాలు కింది నుంచి పైకి ఒక్కోటీ ఆరిపోతూ వస్తాయి. అప్పటిదాకా వీస్తున్న గాలి కాసేపు చచ్చిపోతుంది, బ్రిడ్జి పక్క తలుపు దగ్గర నిలబడితే బట్టలు ఒంటికి అతుక్కుంటాయి. ఆ తర్వాత చెంప మీద చల్లగా తగిలే మొదటి తెర వస్తుంది, దిక్కు మారి. అది తగిలాక మీకున్నది నిమిషాలే. డెక్ మీద ఎవరూ ఉండకూడదు, తలుపులు బిగించి ఉండాలి. టో తాడుతో ఉన్నారు కాబట్టి వేగం ముందే తగ్గించుకోండి.

పాతబారో
ఆ చల్ల గాలి ఎందుకంటే, వాన పడుతూ ఆవిరై మేఘం కింద గాలిని చల్లబరుస్తుంది. బరువెక్కిన ఆ గాలి కిందికి దూకి నీటి మీద నాలుగు వైపులా పరుచుకుంటుంది. మేఘం కంటే ముందే మిమ్మల్ని తాకేది అదే.

తీరంనుంచి
నేను ఓడలో పని చేయను, మా ఆయన చేస్తారు. టీవీలో "వాయుగుండం" అని స్క్రోలింగ్ వస్తే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. ఒక్కో చోట ఒక్కో వేగం చెబుతారు. అమెరికా వాళ్ల వెబ్‌సైట్‌లో ఒకటి, మన వాళ్ల దాంట్లో ఇంకొకటి. ఏది నమ్మాలి?

తుపానుడైరీ
@తీరంనుంచి మేడం, రెండూ నిజాలే, కొలిచే పద్ధతి వేరు. భారత వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు గాలి చెబుతుంది. అమెరికా సంస్థలు 1 నిమిషం సగటు. టోక్యో 10 నిమిషాలు. ఎంత తక్కువసేపు సగటు తీస్తే అంకె అంత పెద్దగా కనిపిస్తుంది. ఒకే తుపాను, మూడు అంకెలు.

ఉత్తర హిందూ మహాసముద్రంలో మెట్లు ఇవి: గాలి 17 నాట్ల నుంచి వాయుగుండం, 28 నుంచి తీవ్ర వాయుగుండం, 34 నుంచి తుపాను, 48 నుంచి తీవ్ర తుపాను, 64 నుంచి అతి తీవ్ర తుపాను, 90 నుంచి అత్యంత తీవ్ర తుపాను, 120 నుంచి సూపర్ సైక్లోన్. వాయుగుండం దశలో పెద్ద ఓడకి సాధారణంగా పెద్ద ప్రమాదం ఉండదు, కానీ అది బలపడొచ్చు. అది ఎటు పోతుందో చూసి కెప్టెన్లు మామూలుగా ముందే దారి మళ్లిస్తారు. మరీ కంగారు పడకండి.

తీరంనుంచి
చాలా సంతోషమండీ. ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు.

సూరి_మేట్
దారి మళ్లించడం గురించి మాటొచ్చింది కాబట్టి. తుపాను బొమ్మలో కోన్ (ముందుకి పోయేకొద్దీ వెడల్పయ్యే శంకువు గీత) చూసి "మనం కోన్ బయటున్నాం" అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అమెరికా నేషనల్ హరికేన్ సెంటర్ కోన్ చెప్పేది తుపాను కేంద్రం ఎక్కడ ఉండొచ్చు అన్నది మాత్రమే, అదీ మూడింట రెండు వంతుల సందర్భాల్లో. గాలి ఎంత దూరం పరుచుకుంటుందో కోన్‌లో లేదు. ఓడ తప్పించుకోవాల్సింది కేంద్రాన్ని కాదు, 34 నాట్ల గాలి వలయాన్ని.

నావికులకి పాత సూత్రం ఒకటుంది, 1-2-3. ఒక రోజు తర్వాతి స్థానానికి 100 నాటికల్ మైళ్లు, రెండు రోజులకి 200, మూడు రోజులకి 300 పొరపాటు ఉంటుందనుకుని, దానికి 34 నాట్ల వలయం కలిపి, ఆ బయట ఉండాలి.

ఉప్పుగాలి
ఇప్పుడు ట్రాక్ (తుపాను వెళ్లే దారి) అంచనాలు బాగా మెరుగయ్యాయి కదా. 300 మైళ్లు ఎవరు వదులుకుంటారు, ఆయిల్ ఖర్చు ఎవరిస్తారు?

తుపానుడైరీ
@ఉప్పుగాలి మొదట ఫోర్‌కాస్టే చూడనన్నారు, ఇప్పుడు మైలు మైలుకీ దాన్నే నమ్ముదామంటున్నారు :)

ట్రాక్ మెరుగైన మాట నిజం. బలం అంచనా అంత మెరుగవలేదు. 2023 అక్టోబర్‌లో ఓటిస్ చూడండి. తూర్పు పసిఫిక్‌లో ముందు రోజు దాకా మామూలు ట్రాపికల్ స్టార్మ్. మోడళ్లు దాన్ని పట్టించుకోలేదు. ఒక్క రోజులో ఐదో కేటగిరీ హరికేన్ అయి అకపుల్కో మీద పడింది. అలాంటిదాని పక్కన మైళ్లు మిగుల్చుకుని ఏం చేస్తారు?

పాతబారో
ఎల్ ఫారో అనే అమెరికా సరుకు ఓడ పేరు ఇక్కడ ఎవరూ ఎత్తలేదేం? 2015 అక్టోబర్ 1న వాకీన్ హరికేన్‌లోకి వెళ్లి మునిగింది, 33 మంది పోయారు. విచారణలో తేలిన కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఒకటి మాత్రం మన చర్చకి సంబంధించింది. కెప్టెన్ నమ్ముకున్నది రంగుల గ్రాఫిక్ సాఫ్ట్‌వేర్‌ని. అందులోని తుపాను సమాచారం గంటల కొద్దీ పాతది. అదే బ్రిడ్జి మీద శాట్-సీ (శాటిలైట్ ద్వారా మెసేజ్‌లు తెచ్చే టెర్మినల్) ప్రింటర్‌లో కొత్త టెక్స్ట్ బులెటిన్ వచ్చి ఉంది. ఆఫీసర్లు ఫోన్ చేసి మరీ దారి మార్చమని చెప్పారు.

బ్రిడ్జి రికార్డింగ్ లిఖిత ప్రతి బయట పెట్టారు. ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరూ చదవాలి. నేను చదివి ఆ రోజు ఇంకే పనీ చేయలేకపోయాను.

కొత్తవాచ్
చదువుతా సార్. మరి ఈ టెక్స్ట్ బులెటిన్ నాకు ఎక్కడి నుంచి వస్తుందో ఎలా తెలుస్తుంది? శాట్-సీలో బోలెడు మెసేజ్‌లు వస్తాయి, మా వాడు చింపి ఫైల్ చేస్తాడంతే.

రాడార్_రాణి
ప్రపంచ సముద్రాలని 21 మెట్ ఏరియాలుగా (వాతావరణ బులెటిన్ ప్రాంతాలు) పంచారు, ఒక్కో దానికి ఒక దేశం బాధ్యత. అట్లాంటిక్‌లో పశ్చిమ రేఖాంశం 35 డిగ్రీలకి ఇటు పడమర నాలుగో ఏరియా, అమెరికాది. అదే 35కి తూర్పున రెండో ఏరియా, ఫ్రాన్స్‌ది. మీరు ఆ గీత దాటారంటే బులెటిన్ ఇచ్చేవాళ్లు మారిపోతారు, టెర్మినల్‌లో ఏరియా సెట్టింగ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. తీరం దగ్గర అయితే నావ్‌టెక్స్ (రేడియోలో వచ్చే టెక్స్ట్ హెచ్చరికలు), 518 కిలోహెర్ట్జ్.

కాగితం చేతికి రాగానే మొదట టైం చూడండి. అదీ యూటీసీలో (గ్రీన్‌విచ్ సమయం) ఉంటుంది. తర్వాత వార్నింగులు, తర్వాత సినాప్సిస్ (మొత్తం వాతావరణ పరిస్థితి), ఆఖర్న మీరున్న ప్రాంతం.

పాతబారో
దాంతో పాటు బారోమీటర్. నవ్వకండి.

ఉష్ణమండలంలో పీడనం రోజుకి రెండుసార్లు ఊపిరి పీల్చినట్టు పైకీ కిందికీ ఆడుతుంది. స్థానిక సమయం ఉదయం 10కి, రాత్రి 10కి పైన. తెల్లవారుజామున 4కి, సాయంత్రం 4కి కింద. ఆ లయ గడియారంలా నడుస్తుంటే అంతా సవ్యం. లయ చెదిరినా, ఆ కాలానికి, ఆ చోటికి మామూలుగా ఉండే పీడనం కంటే 3 హెక్టోపాస్కల్స్ తగ్గినా జాగ్రత్త పడాలి. 5 తగ్గిందంటే దగ్గర్లో ఉష్ణమండల తుపాను ఉందనే లెక్క. రోజువారీ ఊపుని తీసేసి చూడాలి సుమా. సాయంత్రం 4కి తగ్గిందని కంగారు పడొద్దు.

ఉప్పుగాలి
ఇది మాత్రం నేనూ చేస్తా. @పాతబారో గారితో ఒక్క విషయంలో కలిశాం.

అలలలెక్క
ఆ రీడింగ్ మీ దగ్గరే ఉంచుకోకండి, పంపండి కూడా. 00, 06, 12, 18 యూటీసీకి ఓడలు పంపే పరిశీలనలు నేరుగా మోడల్‌లోకి వెళ్తాయి. నడి సముద్రంలో లంగరేసిన బోయాలు (తేలుతూ కొలిచే పరికరాలు) ఉన్నాయి, పసిఫిక్‌లో టావో, అట్లాంటిక్‌లో పైరాటా, హిందూ మహాసముద్రంలో రామా అని. కానీ వాటి మధ్య వందల మైళ్ల ఖాళీ. శాటిలైట్ స్కాటరోమీటర్ నీటి గరుకుని బట్టి గాలి చెబుతుంది, అయితే అది తలమీదుగా వెళ్లినప్పుడే. ఒక టగ్ పంపిన ఒక పీడనం విలువ ఏమిటో మోడల్ నడిపేవాళ్లకి తెలుసు.

వలతాడు
తుపాను లేకుండా కూడా మునుగుతారు, అదీ రాయండి ఎవరైనా. నైరుతి రుతుపవనాల్లో అరేబియా సముద్రం ఎలా ఉంటుందో పేపర్లో రాదు.

సూరి_మేట్
@వలతాడు నిజం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సొమాలియా దగ్గర గాలి 30 నాట్లకి తగ్గని రోజులు వరసగా ఉంటాయి, నాలుగైదు మీటర్ల అలలు. పేరు పెట్టే తుపాను కాదు కాబట్టి వార్త కాదు.

ఇంకోటి టెహువాంటెపెక్ సింధుశాఖ, మెక్సికో పసిఫిక్ వైపు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా మెక్సికో గల్ఫ్‌లోని చల్లగాలి కొండల మధ్య సందులోంచి దూరి ఇటు సముద్రం మీద పడుతుంది. నీలాకాశం, మేఘం ఉండదు, గాలి 40, 50 నాట్లు. అక్కడ చిన్న ఓడల వాళ్లు ఒడ్డుకి వీలైనంత దగ్గరగా పోతారు, అలలకి పెరిగే దూరం దొరక్కుండా. ఇదొక్కటి మాత్రం మోడళ్లు రోజుల ముందే బాగా చెబుతాయి.

కొత్తవాచ్
ఈ చర్చంతా కాపీ చేసి ప్రింట్ తీసి బ్రిడ్జి మీద పెట్టా. డెక్ పనులు చూసే బోసన్‌కి కూడా చదివి వినిపించా, ఇక నుంచి డెక్ పని పెట్టే ముందు స్వెల్ పీరియడ్ అడుగుతానన్నాడు.

ఆఖరి డౌటు. మా తర్వాతి కాంట్రాక్ట్ దక్షిణ హిందూ మహాసముద్రంలో, మారిషస్ వైపు. అక్కడ తుపానుకి ప్రమాదకరమైన సగం ఏ పక్క? పుస్తకంలో కుడి అని చదివా.

సూరి_మేట్
కుడి అన్నది ఉత్తరార్ధ గోళానికి. అక్కడ ఎడమ. తుపాను నడిచే దిక్కుకి ముఖం పెట్టి నిలబడు, నీ ఎడమ చేతి వైపు సగంలో గాలికి తుపాను నడక వేగం కూడా తోడవుతుంది, పైగా ఆ గాలి నిన్ను దాని దారిలోకే తోస్తుంది. అలాగే గాలికి ఎదురుగా నిలబడితే కేంద్రం ఉత్తరార్ధ గోళంలో కుడి వైపు, దక్షిణార్ధ గోళంలో ఎడమ వైపు, కొంచెం వెనక్కి. అక్కడి హెచ్చరికలు లా రీయూనియన్ నుంచి వస్తాయి, గాలి 10 నిమిషాల సగటు. అమెరికా అంకెతో పోల్చి తక్కువ ఉందని అనుకోకు.

రాడార్_రాణి
సీజన్ నవంబర్ నుంచి ఏప్రిల్. ఏ నెలలో వెళ్తున్నారో చెబితే అక్కడి స్వెల్ గురించి విడిగా రాస్తా.